ముల్లంగి వరుస

చెత్త కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. వేలాడే దారప్పోగు కనబడితే పక్కింటావిడ జాకెట్టుదైనా సరే పట్టుకుని తెంపేస్తాను. ఎలిశిబా ఇల్లు అద్దంలా ఉంటుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు, నేనూ మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం ఏం చేసిందో ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

లిడియా నా తోడికోడలు. మెదక్‌లో చర్చి వెనక వీధిలో మా రెండిళ్ళకూ కలిపి ఒకటే పెరడు. నా వాటాలో బండలు పరిపించి రోజూ కడిగేదాన్ని. తను తన వాటాలో ఆకుకూరలు వేసేది. అదైనా ఒక తీరుగా వేసేదా? మధ్యలో పాలకూర మడి, చుట్టూ బంతి, సందుల్లో వెల్లుల్లి, గోడవైపు ఒక వరుస ముల్లంగి. ఆ ముల్లంగి ఆకుల నిండా పురుగు తొలిచిన తెల్లటి వంకర గీతలు.

"గదేం పంటనే, పురుగులను సాదుతున్నవా?" అనేదాన్ని.

"సాదుతున్ననక్కా," అని నవ్వేది. అంతకుమించి చెప్పేది కాదు. నేనూ అడగలేదు. అడిగితే నాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

కోత పండుగకు మా చర్చిలో ఎవరు పండించింది వాళ్ళు తెచ్చి ఆల్టర్ ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు కూడా. లిడియా ఏటా పాలకూర పెట్టేది. ఈసారి పండుగకు నెల ముందు కడుపులో గడ్డ ఉందని ఆమెను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పెరట్ల జర నీళ్ళు పొయ్యి. పండుగకు నా పాలకూర పెట్టాలె. ఎట్లనన్న పెట్టాలె."

నీళ్ళు పోసి ఊరుకుంటే నేను ఎలిశిబాను ఎందుకవుతాను? నాలుగో రోజు కొంగు బిగించి ఆ పురుగుల ముల్లంగినంతా పీకేశాను. ఊరికే పారేయడానికి మనసొప్పక కట్టలు కట్టి, మడి పక్కనే ఉన్న ఎరువు గుంటలో పేర్చాను. వచ్చి చూసుకుని సంతోషపడుతుందనుకున్నాను.

పది రోజుల్లో ఆ తెల్లటి గీతలు పాలకూర ఎక్కాయి. పాడైన ఆకులు తుంచి పారేస్తే, మర్నాటికి అంతకు రెండింతలు. ఇక లాభం లేదని, పక్కన ముల్లంగి ఉన్నన్నాళ్ళూ లేని పురుగు ఇప్పుడెందుకొచ్చిందని మార్కెట్లో ఆకుకూరలమ్మే రామమ్మను అడిగాను.

"ముల్లంగి పక్కన ఉంటే పురుగు దాని మీదికే పోతది, పాలకూర జోలికి అంతగ రాదు," అందామె. "గందుకే పెడ్తరు. ఎవరు పీకిండ్రమ్మా?"

"కోతులు," అన్నాను.

పండుగకు మూడు రోజుల ముందు లిడియాను ఇంటికి తెచ్చారు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పారట. నా మరిది అనూప్ ఆ మాట నాకొక్కదానికే చెప్పి, తలుపు వెనక నిలబడి ఏడ్చాడు. ఆమె మాత్రం మంచం ఎక్కకుండానే పెరట్లోకి పోదామంది. చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళాం. మడిని చూసింది. గోడవైపు ఖాళీని చూసింది.

"ముల్లంగి ఎవరు పీకిండ్రు వదినా?" అనూప్ గొంతు లేచింది.

నా నోట్లోంచి మళ్ళీ ఆ కోతులే వచ్చాయి. లిడియా చూపు ఎరువు గుంట మీదికి పోయింది. అక్కడ ఎండిపోయిన ముల్లంగి కట్టలు వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కదానికీ నా మిషన్ దారంతో ముడి. కోతులు కట్టలు కట్టవు.

"కోతులే అయ్యుంటయి," అంది మొగుడితో. "అక్క ఒక్కతి ఎన్నని కొడ్తది?"

తిట్టినా బాగుండేది. నేనూ రెండు మాటలని, ఏడ్చి, తేలికపడేదాన్ని.

ఆదివారం పొద్దున పీట మీద కూర్చుని గంటసేపు ఆకులు ఏరింది. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అంత మడిలో గీత లేని ఆకులు బొటనవేలంత కట్టకు సరిపోయాయి. నన్ను పచ్చదారం అడిగి తీసుకుని తనే ముడి వేసింది. "నాతోని నడువనయితలేదు. నువ్వు పెట్టక్కా."

సంచిలో వేసుకుని బయలుదేరాను. చర్చి గేటు దగ్గర అందరి గంపలూ చూశాక సంచిలోకి చూసుకున్నాను. ఇంత పీలకట్టను అంతమందిలో ఎట్లా పెట్టేది? లిడియా పరువు పోతుందనుకున్నాను. నిజానికి నాకు పట్టింది నా పరువే. వెనక్కి తిరిగి రామమ్మ దగ్గరికి పోయి నిగనిగలాడే కట్టలు నాలుగు కొని, చేతుల్లో పట్టుకొచ్చి ఆల్టర్ ముందు పెట్టాను. పాస్టర్ గారు వాటి మీద చెయ్యి ఉంచి లిడియా కోసం ప్రార్థించారు. నేనూ ఆమెన్ అన్నాను.

ఇంటికొచ్చేసరికి నా కోసమే గుమ్మంవైపు చూస్తోంది.

"పెట్టినవా అక్కా?"

"పెట్టిన."

"కట్ట మరీ చిన్నగ ఉండె గద. ఎవ్వరన్న నవ్విండ్రా?"

"ఎవ్వరు నవ్వలే. పాస్టర్ గారు నీ పేరు చెప్పి ప్రార్థన చేసిండ్రు."

"గంతే చాలు," అని నా చెయ్యి నిమిరింది.

గురువారం లిడియా పోయింది.

సమాధి చేసి వచ్చిన మూడో రోజుదాకా కొక్కేనికి వేలాడుతున్న ఆ సంచిని నేను ముట్టలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. చివరికి తీశాను. ఆకులు నల్లబడి ముద్దయిపోయాయి, లిడియా వేసిన ముడి మాత్రం అట్లాగే ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని పెరట్లో బండల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. అనూప్ పరుగెత్తుకొచ్చాడు.

"ముల్లంగి నేనే పీకిన, అనూప్."

"తెలుసు వదినా." పక్కన కూర్చున్నాడు. "మా అక్కను ఏమనొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. పోనియ్యి. దాని చేతి కూర నువ్వు చర్చిల పెట్టినవు. గా సంతోషంతోనే పోయింది."

నేను పిడికిలి బిగించి కొంగు కింద దాచుకున్నాను. ఔనన్నట్టు తల ఊపాను.