బావి ఎర్రబడిన ఏడాది

దగ్గరికి జరుగు తల్లీ, ఇంకా దగ్గరికి. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. ఆ తలుపు కూడా కాస్త ఓరగా వెయ్యి.

ఏలూరులో తివాచీలు నేసేవాళ్ల వీధిలో జమీలా అని ఒక కోడలు ఉండేది. పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగో, ముప్ఫై అయిదో, ఏడాది నాకు సరిగ్గా గుర్తులేదు గాని, కొల్లేటి లంకల్లో వాంతిభేది మొదలై ఊరి పొలిమేర దాకా వచ్చేసిందని జనం గుసగుసలాడుకున్న ఏడాది అది. ఎవరింటికి ఎవరు వచ్చినా ముందు మొహం చూసేవాళ్లు, తరవాత చేతులు చూసేవాళ్లు. కూరలమ్మి గంప దించితే దూరంగా దించమనేవాళ్లు. జమీలా అప్పుడే కొల్లేటి గట్టునున్న పుట్టింటి నుంచి కూతురు రజియాని చంకనేసుకుని తిరిగి వచ్చింది. ఇక ఆమెను చూసే చూపులెలా ఉంటాయో నీకు వేరే చెప్పాలా!

అత్తగారు అజీజున్నీసా అయితే కోడలి మూటను వాకిట్లోనే విప్పించి ఎండలో ఆరబెట్టించింది. "నీ వెంట ఏం తెచ్చావో ఏంటో తల్లీ," అంది. మాట మెత్తగానే ఉంది, చూపే మెత్తగా లేదు.

మగ్గం మీద కూర్చునేవాడు జమీలా భర్త అబ్దుల్ జబ్బారు. ఉన్ని కడిగేది జమీలా, చిక్కులు తీసేది జమీలా, పొయ్యి మీద రంగు కాగు కాచి, చేతులు మోచేతుల దాకా ఎర్రబడేలా ముంచి ఆరేసేది జమీలా. తివాచీ అయ్యాక మాత్రం అందరూ "జబ్బారు నేసిన తివాచీ" అనేవాళ్లు. ఆ మాట ఆమెకు ఎప్పుడూ తప్పనిపించలేదు. మగ్గం ఆయనదే కదా అనుకునేది.

ఒకరోజు తెల్లారి జమీలా దొడ్లో బావికి చేద వేస్తే ఎర్రటి నీళ్లు వచ్చాయి. కొంచెం ఎరుపు కాదు, ఊదా కలిసిన ఎరుపు. ఉలిక్కిపడి చేద వదిలేసేసరికి నీళ్లు పైట చెంగు మీద చిమ్మాయి. ఆ చప్పుడుకి అత్తగారు వచ్చి బావిలోకి తొంగి చూసింది.

"నిన్న సాయంత్రం ఎర్ర కాగు ఎక్కడ కడిగావు?"

"గోడవారనే అత్తమ్మా. బావికి అంత దూరంగా..."

"మరి గోడ నడిచొచ్చి బావిలో దూకిందా?"

జబ్బారు తెల్లవారుజాము నమాజు చేసుకుని వచ్చి, వసారాలో గడ్డం దువ్వుకుంటున్నాడు. జమీలా అతని వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమో, గోడవారన కడిగింది నేను చూశాను అంటాడేమో అని. అతను దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీసి, "చూసి చేసుకోవాలి కదా జమీలా," అన్నాడు. అంతే.

ఆరోజు నుంచి తాగే నీళ్లు కాలవ నుంచి తేవడం కోడలి పనయింది. తప్పు చేసినవాళ్లే మొయ్యాలి అంది అత్తగారు. పరదా దాటి ఎరగని మనిషి ముసుగు పళ్లతో పట్టుకుని, నెత్తిన ఒకటి చంకన ఒకటి బిందెలు మోసుకుంటూ బజారు మధ్యనుంచి రావాలి. చూసేవాళ్లు చూశారు. "కొల్లేటి నుంచి వచ్చినావిడ, ఆవిడే," అనుకున్నారు.

రెండు రోజులకు బావి తేటపడింది. హమ్మయ్య అనుకుంది జమీలా. మర్నాడు పొద్దున మళ్లీ ఎర్రబడింది. "మళ్లీ కడిగావా?" అంది అత్తగారు. ఆ వారం కాగు పొయ్యి ఎక్కనే లేదు. అయినా ఆ మాట వినగానే జమీలా తన చేతుల వైపు చూసుకుంది. ఎన్నేళ్ల నుంచో గోళ్లలో ఇంకిపోయిన ఎరుపు అలాగే ఉంది. నిద్రలో లేచి నేనే ఏమైనా చేస్తున్నానా? పక్కింటివాళ్లెవరైనా పగబట్టి పోస్తున్నారా? పోసేవాళ్లకు దొడ్డితలుపు గడియ ఎవరు తీస్తారు? బియ్యం కడుగుతూ ఇదే ఆలోచన, జొన్నరొట్టె తడుతూ ఇదే ఆలోచన. పడుకునేముందు రంగు మూటకు ముడివేసి, ముడి మీద సున్నం చుక్క పెట్టి, పొద్దున్నే వెళ్లి చుక్క చెదిరిందేమో చూసుకునేది. చెదరలేదు. బావి మాత్రం ఎర్రగానే ఉంది. మనిషి తన మీద తానే కాపలా కాసుకునే స్థితికి వచ్చిందంటే, ఆ ఇంట్లో గాలి ఎలా ఉందో ఊహించుకో.

ఇంకొకటి కూడా ఆమె కంటబడింది. జబ్బారు ఇంట్లో నీళ్లు తాగడం లేదు. అన్నానికి కూర్చున్నప్పుడు లోటా పెదాలకు తాకించి దించేస్తాడు. లోటా నిండుగానే తిరిగి వస్తుంది. "దాహం లేదండీ?" అంటే "బయట తాగి వచ్చాను" అంటాడు. నా చేతి నీళ్లు తాగడం మానేశాడా? నేను రోగం మోసుకొచ్చానని ఈయన కూడా నమ్ముతున్నాడా? అత్తగారి మాటలు నెత్తిన బిందెలాంటివి, మోసి దించుకోవచ్చు. ఈ అనుమానం మాత్రం గొంతులో చేపముల్లులా నిలబడిపోయింది.

శుక్రవారం పెద్ద నమాజుకు జబ్బారు తెల్ల లాల్చీ వేసుకుని వెళ్లి వచ్చాడు. శనివారం పొద్దున్న ఆ లాల్చీ కాలవకు తీసుకెళ్లి ఉతకబోతే, రెండు చేతుల అంచులకీ, మెడ కిందా గోధుమరంగు మరకలు. సబ్బుకు పోలేదు, ఇసుకకు పోలేదు. ఎక్కడో చూసినట్టుంది ఈ మరక! తన పైట చెంగు తీసి చూసుకుంది. బావి ఎర్రబడిన రోజు నీళ్లు చిమ్మిన చోట ఇదే మరక. ఎర్రగా తడిసి, గోధుమరంగులో ఆరిన మరక. రెండూ పక్కపక్కన పెట్టింది. నమాజుకు ముందు చేతులూ మొహమూ కడుక్కునేది మసీదు బావి దగ్గర. అంటే మసీదు బావి కూడా ఎర్రగానే ఉంది. ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు, చూడరు. తను కాగు కడిగితే మసీదు బావి ఎందుకు ఎర్రబడుతుంది?

అవతల గేదెను కడుగుతున్న పాపమ్మ ఆమెను చూసింది. పాపమ్మ ఇల్లు వీళ్ల దొడ్డితలుపుకు ఎదురు. ఆదివారం గుడికి తప్ప గేదెను వదిలి ఎక్కడికీ కదలని మనిషి.

"ఏమ్మా, మందేసిన బావి ఇంట్లో పెట్టుకుని ఈ బురదకొస్తావేంటమ్మా?"

"ఏం మందు పాపమ్మగారూ?"

"అయ్యో, తెలీదా! వాంతిభేదికి మున్సిపాలిటీవాళ్లు ఎర్రమందు పోస్తన్నారు కదండీ. పాండురంగారావుగారని ఆ ఇన్‌స్పెక్టరు దగ్గరుండి పోయించారు, మసీదులోనూ, మీ దొడ్లోనూ. మీ ఆయనే కదా గడియ తీసింది. నేను చీకటితోనే పాలు పితుకుతా చూశాను. ఈ కాలవ నీళ్లు మాత్రం నోట్లో పొయ్యొద్దని చెప్పారమ్మా ఆయన, మీ ఆయనతోనే చెప్పారు."

జమీలా బిందెలు గట్టు మీదే వదిలేసింది. ఆ దారంతా ఎలా నడిచిందో ఆమెకే తెలీదు. రజియా పొద్దున ఎన్ని నీళ్లు తాగింది? ఆ ఒక్క ప్రశ్న తప్ప బుర్రలో ఇంకేం లేదు. ఇంటికి రాగానే పిల్లను పట్టుకుని కళ్లు చూసింది, నాలుక చూసింది, పొట్ట నొక్కి చూసింది. పిల్ల చక్కిలిగింతలనుకుని నవ్వింది.

తరవాత మగ్గం దగ్గరకు వెళ్లింది. "దొడ్డితలుపు మీరే తీశారా?"

జబ్బారు చేతిలో దారం ఆగింది. దాచలేదు, దాచే ఓపిక కూడా లేదు అతనికి. "అమ్మ సంగతి నీకు తెలుసు కదా. సర్కారు మందు గడప తొక్కితే ఇంట్లో ఉండనని ఒట్టేసింది. తియ్యకపోతే ఆ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. ఇంతలో నువ్వే రంగు కలిపావని అమ్మే అనుకుంది. పోనీలే, గొడవ లేకుండా పోయిందనుకున్నాను. నాలుగు బిందెలు మోస్తే అరిగిపోతావా ఏంటి?"

ఆమె జవాబు చెప్పేలోపు లోపలి గదిలో చెంబు దొర్లిన చప్పుడయింది. అజీజున్నీసా గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

ఆ రోజంతా జమీలా అత్తగారిని ఎత్తింది, దించింది, గుడ్డలు మార్చింది, బూడిద పోసి ఎత్తింది. బావి నీళ్లు తోడి, సలసలా కాచి, ఉప్పేసి, గంజి కలిపి చెంచాతో పట్టబోయింది. ఆ నీరసంలోనూ అత్తగారు పళ్లు బిగించింది. "ఎర్రగా ఉంది. ఏం కలిపావు ఇందులో?"

వెంటనే జమీలా రజియాను పిలిచి, అదే నీళ్లు లోటాతో పిల్లకు పట్టింది. తనూ తాగింది. గుమ్మంలో నిలబడ్డ జబ్బారును చూడకుండా, అత్తగారి చెవి దగ్గర వంగి చెప్పింది. "మీ అబ్బాయి రోజూ మసీదులో తాగేది ఇలాంటి మందు నీళ్లే అత్తమ్మా. కాలవ నీళ్లు తాగింది మీరూ నేనూ పిల్లా."

ముసలావిడ కళ్లు మెల్లగా కొడుకు వైపు తిరిగాయి. అతను గడప మీద కూలబడి అంతా చెప్పాడు. "తరతరాలుగా తాగుతున్న కాలవేగా, ఏమవుతుందిలే అనుకున్నానమ్మా," అన్నాడు.

అజీజున్నీసా పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "మరి నువ్వెందుకు తాగలేదురా?"

ముసలావిడ కోడలి చేతిలో చెంచా కోసం నోరు తెరిచింది.

బతికింది, గట్టి ప్రాణం. కోడలికి క్షమాపణ చెప్పిందా అంటావా? ఆ కాలపు అత్తగారు కదా, చెప్పలేదు. జమీలా కూడా అడగలేదు. పుట్టింటికి వెళ్లిపోలేదు, వీధిలోకెక్కి అరవలేదు. చేసిందల్లా ఒకటే. ఆ మర్నాటి నుంచి బావి నీళ్లయినా, గంజయినా, పాలయినా, మొదటి లోటా జబ్బారు చేతికిచ్చి ఎదురుగా నిలబడేది. అతని గొంతు కదిలి, నీళ్లు దిగినట్టు కనబడ్డాకే పిల్లకు పోసేది. పక్కన అత్తగారు కూడా తన లోటా ఒళ్లో పెట్టుకుని, కొడుకు గొంతు వైపే చూస్తూ కూర్చునేది. అతను విసుక్కోలేదు. తలెత్తకుండా తాగేవాడు.

బయటివాళ్లకు ఇదేం తెలుసు? "మొగుడు తాగితే గాని చుక్క ముట్టదమ్మా ఆవిడ! ఎంత భక్తో," అని వీధంతా మెచ్చుకునేవాళ్లు.

ఇప్పుడు విన్నావు కదా. రేపు నీకు పిల్లలు పుట్టాక, ఎవరైనా ఆమె భక్తి గురించి చెప్పబోతే మర్యాదగా ఆపి, ఇలాగే దగ్గర కూర్చోబెట్టుకుని, ఆమె ఎందుకలా నిలబడేదో చెప్పు. మరిచిపోకు తల్లీ.