బురద గ్రహం, మూడో భాగం

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళే అయింది. ఒత్తుల దగ్గర చెయ్యి ఇంకా తడబడుతుంది. ఈ నాలుగు కాగితాలకు పదహారు రోజులు పట్టింది. ఈ అభిమానుల సంచికకు ఆలస్యమవుతోందని, దాన్ని అచ్చేయిస్తున్న రిపేరు మేస్త్రి రెండుసార్లు కబురు పెట్టాడు కూడా.

"చుక్కల దారి" అనే పాత టీవీ సీరియల్లో అభిమానులు ఎన్నుకున్న పది కథల మీద పదిమంది రాస్తున్నారు. ఎన్నిక కాని పదకొండో కథ మీద నన్ను రాయమన్నారు. ఆ కథ పేరు "బురద గ్రహం". మీలో చాలామంది దాన్ని చూసి నవ్వుకుని ఉంటారు. ఒక రాకెట్టు, అందులో అయిదుగురు మనుషులు, వారానికో అరగంట. ఆ అయిదుగురూ ఈ కథలో బురద నిండిన గ్రహం మీద దిగుతారు. బురదలోంచి ఒకడు లేస్తాడు. నల్లగా, గుండ్రంగా, నడుస్తుంటే గోతాం దొర్లినట్టు ఉంటాడు. ఆ బురదాడు మా ఆయన.

ఆయన టీవీ కేంద్రంలో దర్జీ. నటుల బట్టలు కుట్టడం, చిరిగితే అతకడం, ఇస్త్రీ చేసి కొక్కాలకు తగిలించడం ఆయన పని. బురదాడి తొడుగు కూడా ఆయనే కుట్టాడు. పైన టార్పాలిన్, లోపల పరుపుల స్పాంజి, మధ్యలో జిగురు. వీపు వెనక జిప్పు. దాన్ని వేసుకోవాల్సిన నటుడు లోపలికి దూరిన అయిదు నిమిషాలకే ఊపిరాడక ఏడ్చేశాడట. తొడుగు కుట్టేటప్పుడు కొలత కోసం మాటిమాటికీ మా ఆయనే వేసుకుని చూసుకున్నాడు కాబట్టి అది ఆయనకే సరిపోయింది. "దర్జీ, దూరు" అన్నాడు డైరెక్టరు. దూరాడు.

నాలుగు రోజులు తీశారు. బురద మెరవాలని గంటగంటకూ పైన గ్లిజరిన్ పోసేవాళ్ళు. ఆ తియ్యటి జిడ్డు కుట్ల సందుల్లోంచి లోపలికి కారేది. ఇంటికొచ్చి ఎంత స్నానం చేసినా పోయేది కాదు. పొద్దున లేచేసరికి పక్క నిండా చీమలు. "ప్రపంచంలో ఏ పెళ్ళానికైనా మొగుడి మీంచి చీమలు దులిపే పని ఉందా?" అని నేను కసురుకుంటే, "నన్ను చూసి రాకెట్టు వాళ్ళే పారిపోతున్నారు, నువ్వు మాత్రం చీపురు పట్టుకొస్తున్నావ్" అనేవాడు.

మూడో భాగంలో బురదాడు రాకెట్టు తలుపు పట్టుకుని లాగుతాడు. అప్పుడు మణికట్టు దగ్గర కుట్టు ఊడిపోయింది. చేతి తొడుగు జారి, లోపలి మనిషి చెయ్యి బయటపడింది. ఆయన చెయ్యే. చిటికెన వేలు పుట్టుకతోనే లోపలికి వంకర. మళ్ళీ తీయమని ఆయన బతిమాలాడు. టైము లేదు, ఎవరు చూస్తారులే అన్నారు. మేము పక్కింటి టీవీలో చూశాం. ఆ చెయ్యి కనిపించేసరికి ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "నా కుట్టు ఊడింది" అన్నాడు. అంతమంది ముందు అదే మాట రెండుసార్లు అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ కథ ఎత్తనివ్వలేదు.

ఆయన పోయి ఎనిమిదేళ్ళు. గుర్తింపు కార్డు మీద చిన్న ఫోటో ఉంది. అందులో మొహం ఉంది, చేతులు లేవు. బతికున్నప్పుడు మందు సీసా మీది కాగితం దగ్గర్నుంచి బస్సు బోర్డు దాకా అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. పోయాక అడగడానికి ఎవరూ లేక, మా సందులో బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్కతో కలిసి పెద్దవాళ్ళ బడిలో చేరాను. అక్షరాలు వచ్చిన కొత్తల్లో నాకు పిచ్చి పట్టినట్టుండేది. గోడ మీద ఏది కనిపించినా నిలబడి చదివేదాన్ని. అలా ఒకరోజు మా సందు ఎదురుగా ఉన్న రిపేరు షాపు షట్టరు మీద అంటించిన కాగితం చదివాను. "చుక్కల దారి అభిమానులకు విజ్ఞప్తి."

టీవీ కేంద్రం వాళ్ళు పాత గది ఖాళీ చేస్తూ టేపులన్నీ బయట పడేస్తే రిపేరు మేస్త్రి తోపుడు బండి మీద తెచ్చుకున్నాడు. నలభై ఒక్క కథలు. వాటిని ఆడించే యంత్రం కూడా అతని దగ్గరే ఉంది, అదొక్కటే మిగిలింది. దానిలో టేపును చదివే హెడ్డు అరిగిపోయింది. కొత్తది ఎక్కడా దొరకదు. మహా అయితే ఇంకో ఇరవై గంటలు ఆడుతుందని మేస్త్రి అంచనా. ఒక్కో కథ రెండు గంటలు. అంటే పది కథల్ని కొత్త డిస్కుల్లోకి ఎక్కించుకోవచ్చు. మిగతా ముప్పై ఒకటీ ఇక ఎవరూ చూడలేరు. ఏ పది అన్నది ఓట్లతో తేల్చాలని వాళ్ళు అనుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం షాపు మేడ మీద మీటింగుకు వెళ్ళాను. రిపేరు మేస్త్రి, జాగ్రఫీ మాస్టారు, ఒక నర్సమ్మ, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. గుమ్మంలో నన్ను చూసి మేస్త్రి, "మిక్సీ అయితే కింద పెట్టండి పిన్నిగారూ" అన్నాడు.

"మిక్సీ కాదు బాబూ, కథ" అన్నాను.

అప్పటికే లోపల యుద్ధం నడుస్తోంది.

"మాస్టారూ, మీరు 'రెండు సూర్యులు' తప్ప ఇంకోటి చూశారా అసలు?" అంటున్నాడు ఒకాయన.

"నేను ముప్పై ఏళ్ళు గ్రహణాల గురించి పాఠం చెప్పినవాణ్ణి. రెండు సూర్యులుంటే నీడ ఎలా పడుతుందో సరిగ్గా చూపించింది అదొక్కటే. నీ 'ఉప్పు సముద్రం'లో ఏముంది? పాట ఉంది!"

"ఎవరేమన్నా 'అద్దాల ఓడ' ఉండాలి" అంది నర్సమ్మ. "అందులో డాక్టరమ్మను చూసే నేను నర్సునయ్యాను. ఇంట్లో నలుగురితో పోట్లాడి మరీ."

"మరి 'బురద గ్రహం'?" అన్నాను.

గది అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, అది కథా? పరుపుకు కాళ్ళొచ్చాయి. మూడో భాగంలో చెయ్యి కూడా బయటపడుతుంది. ఎవడో దర్జీ తిన్నగా కుట్టలేదు."

"మా ఆయనే కుట్టింది. లోపల ఉన్నదీ ఆయనే. ఆ చెయ్యీ ఆయనదే" అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వాళ్ళ నవ్వు ఆపేశానే అని. మాస్టారు లేచి నాకు కుర్చీ వేశాడు. తర్వాత అందరూ నన్ను చుట్టుముట్టి, జిగురు ఏ రకం, తొడుగు బరువెంత, కళ్ళ దగ్గర కన్నాలెన్ని అని అడిగారు. నాకు తెలిసింది చీమల సంగతి ఒక్కటే. అదే చెప్పాను. రాసుకున్నారు.

"కానీ అమ్మా, ఓటు ఓటే" అన్నాడు మాస్టారు. "మీ మొహం చూసి నేను మార్చకూడదు, నా మొహం చూసి మీరు మార్చకూడదు. ఆ రోజుల్లో చూసినవాళ్ళు ఎవరైనా వేయొచ్చు. మీకు తెలిసినవాళ్ళకు ఇవ్వండి." పది కాగితాలు చేతిలో పెట్టాడు.

మా బడిలో నాతో కలిపి తొమ్మిదిమందిమి. అందరం ఆ వయసువాళ్ళమే. అందరికీ బురదాడు గుర్తున్నాడు.

"అన్నం తినకపోతే బురదాడు వస్తాడని మా పెద్దదాన్ని ఎంత భయపెట్టానో" అంది ఇస్త్రీ అక్క. "మీ ఆయనే అని ముందే చెప్పుంటే పిలిచి ఎదురుగా కూచోబెట్టేదాన్ని కదే వదినా."

ఓటు కాగితం నేనే అందరికీ పైకి చదివాను. టీచరమ్మ ఆ రోజు సెలవు. "మీకు నచ్చిన పది కథల పక్కన ఒకటి నుంచి పది వరకు అంకెలు వేయండి." అంతే ఉంది. ఆ వాక్యం ఎక్కడా ఆగకుండా చదివానని అందరూ చప్పట్లు కొట్టారు. మా టీచరమ్మ పలక మీద పదికి మార్కులు వేస్తుంది. తప్పులు లేకుండా రాస్తే పది. అయిదు దాటితే మేము ఇంటికి వెళ్ళి చెప్పుకుంటాం. ఒకటి వచ్చిందంటే ఆ రోజు ఎవరితోనూ మాట్లాడం. ఇక అనుకోవడానికేముంది? తొమ్మిదిమందిమీ "బురద గ్రహం" పక్కన పెద్దగా, గీత దాటకుండా, పది వేశాం. మిగతా వాటికి నచ్చిన కొద్దీ తొమ్మిది, ఎనిమిది అని దించుకుంటూ పోయాం. ఇస్త్రీ అక్క తన పది కింద రెండు గీతలు కూడా గీసింది.

లెక్కపెట్టే రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను. మేస్త్రి కాగితాలు విప్పి చదువుతుంటే మాస్టారు నల్లబల్ల మీద వేస్తున్నాడు. మా కాగితాలు వచ్చాయి. రెండు గీతలు చూసి గుర్తుపట్టాను.

"బురద గ్రహం, పది" అన్నాడు మేస్త్రి. మాస్టారు బల్ల మీద ఒకటి వేశాడు.

ఏదో పొరపాటు అనుకున్నాను. ఇంకో కాగితం. మళ్ళీ పది, మళ్ళీ ఒకటి. మూడోసారి ఆగలేక, "మాస్టారూ, ఆయన పది అంటున్నాడు, మీరు ఒకటి వేస్తున్నారు" అన్నాను.

"అవునమ్మా. పదో స్థానం అంటే ఒక మార్కే కదా. మొదటి స్థానానికి పది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వాళ్ళకు నా మొహం చూసి అర్థం కావడానికి ఇంకొంచెం. మేస్త్రి మా తొమ్మిది కాగితాలూ పక్కకు తీసి పరిచాడు. తొమ్మిదింటిలోనూ అదే. ఒకటి అంటే మొదటి స్థానమని కాగితం మీద చెప్పాలని వాళ్ళకు తోచలేదు. అడగాలని నాకు తోచలేదు.

లెక్క అయ్యేసరికి "అద్దాల ఓడ" పదోది. "బురద గ్రహం" పదకొండు. ఇరవై మూడు మార్కులు తక్కువ.

"ఈ తొమ్మిదింటిలో అంకెలు తిరగేద్దాం మాస్టారూ" అన్నాడు మేస్త్రి. "వాళ్ళ ఉద్దేశం తెలుస్తూనే ఉందిగా. తిరగేస్తే ఇది నాలుగోది అవుతుంది."

"అప్పుడు ఓడ పోతుంది" అన్నారెవరో వెనక నుంచి.

నర్సమ్మ బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మాస్టారు సుద్దముక్క బల్ల అంచున పెట్టాడు. "ఫలితం విన్నాక తిరగేస్తే అది లెక్క కాదు మేస్త్రీ, దయ. నాకూ వేయాలనే ఉంది. కానీ ఎలా వేయను?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను గట్టిగా ఏదైనా అనాల్సింది. "ఉండనివ్వండి" అని మాత్రం అన్నాను. పది అయ్యాక యంత్రంలో ఇంకా ప్రాణం ఉంటే పదకొండోది వేద్దామని అందరూ ఒప్పుకున్నారు.

మర్నాడు బడిలో ఇస్త్రీ అక్క గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమైంది వదినా? మనవాడికి ఎంతొచ్చింది?"

"పదకొండు" అన్నాను.

"పదికి పదకొండా!" అని అరిచింది. అందరూ లేచి నన్ను వాటేసుకున్నారు. టీచరమ్మ కూడా నవ్వింది. నేను కాదని చెప్పలేకపోయాను. ఇది అచ్చయ్యాక వాళ్ళు కూడబలుక్కుని చదువుతారు. అప్పుడు తెలుస్తుంది.

పది కథలూ ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది. రోజూ పొద్దున పని చేసుకుని వెళ్ళి మేస్త్రి బల్ల పక్కన కూర్చునేదాన్ని. యంత్రం నలతగా ఉన్న మనిషిలా ఉండేది. అరగంట ఆడితే గంట ఆపి, మూత తీసి, దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచేవాడు. "అద్దాల ఓడ" చివరి భాగం ఆడుతుంటే నర్సమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. బొమ్మ బాగా వస్తుంటే సంతోషించాలో, యంత్రం అరుగుతోందని బాధపడాలో నాకు తెలియలేదు. అది పూర్తయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీదే ఇక" అంది.

"బురద గ్రహం" మొదటి భాగం ఆడింది. రాకెట్టు దిగింది. బురద ఉడుకుతూ బుడగలు వేసింది. రెండో భాగం సగంలో ఆయన లేచాడు. మేస్త్రి నా వైపు తిరిగి, "ఆయనేనా పిన్నిగారూ?" అన్నాడు.

నేను చూశాను. అది నడుస్తోంది. నడక ఆయనది కాదు. బరువుకు అలా అయి ఉండొచ్చు. తల తిప్పడం ఆయనది కాదు. లోపల ఆయన ఉన్నాడని నాకు తెలుసు గానీ ఎక్కడా కనిపించలేదు. అది తీసిన నాటి నుంచి ముప్పై తొమ్మిదేళ్ళు గుర్తుపెట్టుకున్నదాన్ని, ఎదురుగా వస్తే గుర్తుపట్టలేకపోయాను. "ఆయనే" అన్నాను.

రెండో భాగం అయిపోవడానికి కొంచెం ముందు బొమ్మ అడ్డంగా చీలింది. గీతలు. ఆపి, తుడిచి, మళ్ళీ వేశాడు. గీతలే. మూడో భాగం టేపు పెట్టాడు. గీతలు కూడా పోయి తెర అంతా రవ్వలు. సాయంత్రం దాకా తుడుస్తూనే ఉన్నాడు. దూది నల్లబడితే పారేసి కొత్తది తీసుకుంటున్నాడు. అతను ఆపితే బాగుండునని నేను, నేను ఆపమంటే బాగుండునని అతను. ఇద్దరం అలాగే కూర్చున్నాం. చివరికి స్పిరిట్ సీసా మూత బిగించి, "ఇంక లేదు పిన్నిగారూ" అన్నాడు.

మూడో భాగం టేపు అతని గోడ అరలో కింది వరసలో ఉంది. అట్టపెట్టె మీద పేరు నేను చదవగలను. పెట్టె తెరిస్తే నల్లటి టేపు చుట్ట కనిపిస్తుంది. అందులో ఎక్కడో ఒకచోట, ఆయన ఎవరూ చూడకూడదనుకున్న చెయ్యి ఉంది. దాన్ని చూపించే యంత్రం ఇక ఎక్కడా లేదు. మొన్న మేస్త్రి ఆ పెట్టె ఇంటికి పట్టుకెళ్ళమన్నాడు. తీసుకెళ్ళి ఏం చెయ్యను? అక్కడే ఉండనివ్వమన్నాను. ఒకవేళ ఎక్కడైనా ఇంకో యంత్రం ఉన్నవాళ్ళెవరైనా వస్తే అడుగుతారని.

నన్ను అందరూ దర్జీ వదిన అంటారు. నాకు అరవై నాలుగేళ్ళు. రిపేరు షాపు ఎదుటి సందులో, మూడో గుమ్మం పక్కన మెట్లెక్కితే వచ్చే గదిలో ఉంటున్నాను.