పిల్లల మడిలో ఉప్పు

మడిలో ఒక్క మొక్క కూడా బతికి లేదు.

తోటకూర నల్లబడి నేలకు అతుక్కుపోయింది. తాడు కట్టి పాకించిన చిక్కుడు తీగ ఎవరో మరిగే నీళ్ళు పోసినట్టు వేలాడుతోంది. శనివారం సాయంత్రం ఇవన్నీ పచ్చగా ఉన్నాయి. ఆదివారం నేను కిందికి దిగలేదు. మా ఆయన రవికిరణ్ తన ఆఫీసు టీము మొత్తాన్నీ ఇంటికి భోజనానికి పిలిచాడు. పులిహోర, గుత్తివంకాయ, రెండు రకాల పచ్చళ్ళు. రోజంతా పొయ్యి దగ్గరే గడిచిపోయింది. "మా ఆవిడ చేతి వంట" అని అందరితో చెప్పుకున్నాడు. ఆ చేతులకి కూర్చుని తినే తీరిక సాయంత్రానికి గానీ దొరకలేదు.

ఇప్పుడు సోమవారం ఉదయం. ఇంకో గంటలో ఖాజాగూడ నుంచి స్కూలు హెడ్‌మిస్ట్రెస్ వెంకటలక్ష్మిగారు వస్తారు. నా క్లాసు చూస్తారు. నచ్చితే ఉద్యోగం. పాప పుట్టాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వదిలేసిన నాకు మళ్ళీ ఒక ఉద్యోగం.

గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వెనక గోడవారగా ఈ మడి ఉంది. ప్లేస్కూలు బండి రాకముందు మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టుకుని మాటలు నేర్పుతాను. చెయ్యి తగలని మాట నేను చెప్పను. వేలు మట్టిలో దూర్చాకే 'తడి' అంటాను. గింజ పగిలి తెల్లగా తల ఎత్తాకే 'మొలక'. మూడో అంతస్తు నితీష్ ఇక్కడికి వచ్చే ముందు ప్రతి ఆకునీ 'ప్లాంట్' అనేవాడు. మొన్న వాళ్ళ పసి చెల్లెలి కాలివేళ్ళు పట్టుకుని "అమ్మా, చిగుళ్ళు!" అన్నాడట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇంట్లో దీని పేరు మట్టి క్లాసు. "టైంపాస్‌కి బాగానే ఉంటుందిలే" అని ఆయన అంటాడు. "పైన పప్పు మాడిపోతుంటే కింద ఊరి పిల్లలకి పాఠాలా?" అని మా అత్తగారు పుణ్యవతిగారు అంటారు. వాచ్‌మన్ పోచయ్య కూతురు ప్రవళికని కూడా మిగతా పిల్లలతో కూర్చోబెట్టినందుకు ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ కాఫీ మాత్రం టైముకి అడిగారు.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అంటూ రవికిరణ్ వెనకనుంచి వచ్చాడు. ఆయన మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ. "హౌస్‌కీపింగ్ నర్సమ్మే. ఫినాయిల్ నీళ్ళు తెచ్చి ఇందులో పారబోసి ఉంటుంది."

చీపురు పట్టుకుని నిలబడ్డ నర్సమ్మ అదిరిపడింది. "ఏంది సార్ గిట్లంటరు? పిల్లలతోని కూసొని నేను గుడ గింజలేసిన. నేనెందుకు సంపుత?"

"ఏజెన్సీకి ఫోన్ చేసేశాను. సూపర్‌వైజర్ వస్తున్నాడు. ఈమెను మార్చేస్తారు." నావైపు తిరిగాడు. "ఆ హెడ్‌మిస్ట్రెస్‌ని రావద్దని చెప్పెయ్ భార్గవీ. వచ్చి ఏం చూస్తుంది, ఎండుగడ్డా?"

నేను వంగి చిటికెడు మట్టి తీసుకున్నాను. ఫినాయిల్ వాసన లేదు. పైన సన్నగా తెల్లటి పొర. నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు. కూరలో ఎక్కువైతే ముఖం చిట్లించేంత కాదు, గొంతు మండేంత.

మా బోరు నీళ్ళు గట్టివి, సబ్బు నురగ రాదు. వాటిని మెత్తబరిచే ప్లాంటు సెల్లార్లో ఉంది. దాన్ని కడగడానికి డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు కలిపి పెడతారు. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఈ బ్లాకులో అందరికీ తెలుసు. ఒకటి పోచయ్య దగ్గర. రెండోది సెక్రటరీ దగ్గర. చుట్టాల పెళ్ళికని పోచయ్య ఒక్కడే, తన తాళంతో సహా, శుక్రవారమే సిద్దిపేట వెళ్ళాడు.

లేదు, అనుకున్నాను. పన్నెండేళ్ళుగా ప్రతిదానికీ మొదట ఆ మాటే అనుకుంటున్నాను. లేదు, ఆయన అలా అనలేదు. లేదు, ఆయన ఉద్దేశం అది కాదు. ఇంట్లో అన్ని పనులతోపాటు ఆయన తరఫున నాకు నేనే సర్దిచెప్పుకునే పని కూడా నాదే.

చీర మార్చుకోవడానికి పైకి వెళ్ళాను. అత్తగారు హాల్లోంచే "ఇడ్లీకి చట్నీ రుబ్బావా?" అన్నారు. నేను బాత్రూం పక్కనున్న బట్టల బుట్ట బోర్లించాను. ఆదివారం వంటపనిలో పడి బట్టలు ఉతకలేదు. పిల్లదాని గౌన్లు, అత్తగారి చీరలు, వాటి అడుగున ఆయన నల్ల ట్రాక్ ప్యాంటు.

మోకాళ్ళ కింద గుడ్డ అట్టలా బిగిసిపోయి ఉంది. దాని మీద తెల్లటి చారలు. నాలుకకి ఆనించాను. అదే రుచి.

నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. తాళం జాగ్రత్తగా తీశాడు, జాగ్రత్తగా వేశాడు, ఎవరూ లేనప్పుడు మోశాడు. తర్వాత ప్యాంటు విప్పి బుట్టలో పడేశాడు. బుట్టలో పడేసిన బట్ట మడతలతో అల్మారాలోకి దానంతటదే వస్తుందని నమ్మే మనిషికి, మధ్యలో దాన్ని ఒక ఆడది చేత్తో తిరగేసి చూస్తుందని ఎలా తడుతుంది? ఆయన ఏ హోటల్‌కి వెళ్ళాడో, ఎక్కడ జారి పడ్డాడో, ఎప్పుడు జ్వరం వచ్చి చెమట పట్టిందో అన్నీ నాకు ఆ బుట్టే చెప్పేది. ఇప్పుడు ఇదీ చెప్పింది.

ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుని కిందికి దిగాను. చట్నీ రుబ్బలేదు.

వెంకటలక్ష్మిగారు అప్పటికే వచ్చి మడి వైపు చూస్తున్నారు. "క్లాసు ఇంకో రోజు పెట్టుకుందామా అమ్మా?"

"లేదండి. ఇవాళే."

పిల్లల్ని మడి చుట్టూ కూర్చోబెట్టాను. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఏడవనిచ్చాను. నితీష్ మగ్గు తెచ్చి "నీళ్ళు పోద్దాం టీచర్, లేస్తాయి" అన్నాడు. పక్కనే పుదీనా కుండీ ఉంది. నిన్న ఎవరూ నీళ్ళు పోయక తలలు వాల్చేసింది. మొదట దానికి పొయ్యమన్నాను. తర్వాత చిక్కుడు ఆకుని తాకమన్నాను. అది వేళ్ళ మధ్య పొడిగా విరిగింది. పైనున్న తెల్ల పొర ఉప్పని చూపించి, ఆ మట్టిని అందరం చిన్న పారలతో గీకి తట్టలోకి ఎత్తుతూ ఉండగానే పుదీనా మెల్లగా తల ఎత్తింది. పిల్లలు కేక పెట్టారు.

"ఇది వాడిపోయింది" అన్నాను పుదీనాని చూపించి. "నీళ్ళిస్తే లేచింది. చిక్కుడు మాడిపోయింది. ఇక లేవదు. మనం మట్టి మార్చి కొత్త గింజ వెయ్యాలి."

"వాడింది, మాడింది" అని అందరూ చేతులతో చూపిస్తూ అన్నారు. ప్రవళిక మాత్రం నా కొంగు లాగింది. "ఉప్పెవలు ఏసిన్రు మేడం?"

"తెలుసుకుందాం తల్లీ."

బండి వచ్చి పిల్లలు వెళ్ళిపోయాక వెంకటలక్ష్మిగారు చేతులకంటిన మట్టి దులుపుకుంటూ లేచారు. "వచ్చే సోమవారం నుంచి రాగలరా?"

"వస్తానండి" అన్నాను. పక్కకి తిరిగి ఎవరి ముఖమూ చూడలేదు.

ఆవిడ గేటు దాటి వెళ్ళగానే ఏజెన్సీ సూపర్‌వైజర్ శేఖర్ బైక్ దిగాడు. రవికిరణ్ గొంతు పెంచాడు. "ముందు ఈ నర్సమ్మ సంగతి తేల్చు. పిల్లల మొక్కలు చంపిన మనిషిని ఇక్కడ ఉంచడానికి వీల్లేదు." నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను సంచిలోంచి ప్యాంటు తీసి సిమెంటు బెంచీ మీద పరిచాను.

"శేఖర్, ఇది మా ఆయనది. శనివారం వేసుకున్నది. ఈ తెల్లచారలు ఎక్కడివో ఆయన్నే చెప్పనివ్వు."

"ఏంటీ తమాషా? చెమట అది" అన్నాడు రవికిరణ్.

"మోకాళ్ళ కిందనే గింత చెమటా సార్?" అన్నాడు శేఖర్. బండి ఎక్కించడానికి వచ్చిన తల్లుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మట్టిలో ఉప్పుంది. దీని మీదా ఉప్పే. సెల్లార్ తాళం మీ జేబులో ఉంది" అన్నాను. "మీరు చెప్పకపోతే నర్సమ్మ పని పోతుంది. చెప్పండి."

ఆయన అందరి ముఖాలూ చూశాడు. చివరికి నన్ను చూశాడు. ఆ చూపులో సిగ్గు లేదు, అన్యాయం జరిగినవాడి కోపం ఉంది.

"అవును, నేనే పోశాను. అయితే ఏంటి? మనిషిని చంపానా? నాలుగు తోటకూర మొక్కలు! ఆ స్కూలావిడ వచ్చి చూసి, ఏమీ లేదని వెళ్ళిపోతుందనుకున్నాను. నువ్వు ఉద్యోగానికి పోతే ఇల్లెలా అని శుక్రవారం అడిగితే 'చూద్దాం' అన్నావు. ఎప్పుడైనా అన్నావా నాతో ఆ మాట? ఆఫీసులో నా కింద ఎవరు మానేసినా నాకు దిగుల్లేదు. ఒకరు పోతే ఇంకొకర్ని పెట్టుకుంటాం. నీ చోట ఎవర్ని పెట్టాలా అని ఆ రాత్రంతా కూర్చుని ఆలోచించాను. వంటకి ఒక మనిషి, అమ్మకి ఒక మనిషి, పాపకి ఒక మనిషి, బట్టలకి, బజారుకి, వచ్చేపోయేవాళ్ళకి... ఎంతమందిని పెట్టినా సరిపోరు. అందుకే పోశాను."