తూర్పుకే వెళ్ళండి

పొద్దున ఇంగ్విల్ చేపల వేటకి ఒంటరిగా పడవ ఎక్కేటప్పటికి గాలి ఊసే లేదు. చలి మాత్రం ముక్కులో గడ్డకడుతోంది. ఉత్తరపు గాలి ఓ మోస్తరుగా వీస్తుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. రేవులో తాడు విప్పుతూ తల్లి గున్వర్, "చెత్త వేట జరగాలి!" అని కేకేసింది. ఆ తీరంలో దీవించే పద్ధతి అదే. మంచి జరగాలని పైకి అన్నామా, సముద్రం పనిగట్టుకుని చెడగొడుతుంది. ఎక్కడికి వెళ్తున్నావని అడగడం అంతకన్నా పెద్ద తప్పు. అడిగినా ఇంగ్విల్ చెప్పే రకం కాదు. తన చేపల చోటు ఎవడైనా కొట్టేస్తాడని ఆ పిల్లకి ఒకటే అనుమానం.

గున్వర్ ఎర కొట్టులోకి వెళ్ళి పనిలో పడింది. పొడుగాటి తాళ్ళకి వేలాడే గాలాలకి ఒక్కొక్కటిగా ఎర గుచ్చి, చిక్కుపడకుండా తొట్లలో చుట్టిపెట్టడం ఆమె పని. ఎదురుగా పక్కింటి ఎయిలిఫ్. ముసలాడికి పడవ మానేసి చాలా కాలమైంది, నోరు మాత్రం మానలేదు.

మధ్యాహ్నం దాటాక కిటికీ ఉన్నట్టుండి నల్లబడింది. ఎయిలిఫ్ తలుపు తీసి చూశాడు. ఉత్తరాన సముద్రం మీద గోడ కట్టినట్టు మబ్బు. కాసేపట్లోనే మంచు అడ్డంగా కొట్టడం మొదలెట్టింది. కొట్టు రేకులు దడదడలాడాయి.

"ఇదేంటి ఎయిలిఫ్? పొద్దున ఆకైనా కదల్లేదే!"

"ఉత్తరాన గడ్డకట్టిన సముద్రం మీంచి దిగిన గాలే ఇది. అక్కడ పడుకుని పడుకుని ఎముకలు కొరికేంత చల్లబడి, మన వెచ్చటి నీళ్ళ మీదకి వచ్చి పడింది. కింద వేడి, పైన చలి. ఇక పొయ్యి మీద పాలే అనుకో. వాతావరణం వాళ్ళ కంప్యూటర్లలో కనబడేలోపే పొంగిపోతుంది."

"ఎంతసేపుంటుంది?"

"సాయంత్రానికి చచ్చిపోతుంది. ఇలాంటి తుఫానుకి ఆయుష్షు తక్కువ."

"ఈలోపు ఎవరి ఆయుష్షు తింటుందో," అంది గున్వర్. ముసలాడు తలుపు మూసి గడియ పెట్టాడు. అలాంటి గాలిలో పడవ మీద పడ్డ ప్రతి చుక్కా గడ్డకడుతుంది. ఆ బరువు పైన పెరిగిపెరిగి పడవ బోర్లా పడుతుంది. అది ఇద్దరికీ తెలిసిన సంగతే.

తీరంలో పడవలన్నీ వినే గోడ రేడియోలో ఇంగ్విల్‌ని పిలిచారు. జవాబు లేదు. ఫోన్‌లో పడవల్ని చూపించే చుక్కల్లో ఆమె చుక్క లేదు, చోటు తెలియకూడదని పొద్దునే ఆర్పేసుకుంది. గున్వర్ గొంతు చించుకుని మళ్ళీ పిలిచింది. బదులుగా రక్షణ పడవ నడిపేవాడు పలికాడు.

"గున్వర్ గారూ, మనకున్నది ఒక్క పడవే. మీ అమ్మాయి ఉత్తరాన నడిసముద్రంలో బయటి గట్టుకి వెళ్ళిందా, తూర్పున కొండ చాటుకి వెళ్ళిందా?"

"అడగలేదు," అంది గున్వర్. ఆ క్షణంలో తన నాలుకని తనే కొరుక్కోవాలనిపించింది. అతనూ ఆ తీరం వాడే కాబట్టి ఎందుకడగలేదని అనలేదు.

ఆమె తొట్ల వైపు తిరిగింది. కాడ్ చేపకి లావు తాళ్ళు, పెద్ద గాలాలు. హడాక్ చేపకి సన్న తాళ్ళు. లావు తాళ్ళ తొట్లన్నీ గోడవార ఎక్కడివక్కడే ఉన్నాయి. సన్నవే పడవ ఎక్కాయి.

"హడాక్‌కి వెళ్ళింది. హడాక్ అంటే తూర్పే!"

"బయటి గట్టు మీద కూడా సన్నవి వేస్తారు కదే," అన్నాడు ఎయిలిఫ్.

"వేసేది మీ బావమరిది. నా కూతురు వెయ్యదు."

"తప్పయితేనో?"

"అయితే అప్పుడు ఏడుస్తా. ఇప్పుడు తీరిక లేదు." మైకు రెండు చేతులతో పట్టుకుంది. "తూర్పుకే వెళ్ళండి."

"సరే. కొండ చాటునే ఆగుతుందంటారా, ఇంటికని బయల్దేరుతుందా? బయటికొచ్చిందంటే ఈ మంచులో నాకు దొరకదు."

గున్వర్‌కి కూతురి సంగతి తెలుసు. ఇంగ్విల్ పుట్టి బుద్ధెరిగి ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఈపాటికి ఇంటిదారి పట్టే ఉంటుంది. అయినా ఆ మాట చెబితే అతను కొండ చాటు మాని బయటి మంచులో వెతుకుతాడు, అక్కడ ఎవరూ దొరకరు.

"కదలదు," అని గట్టిగా చెప్పింది. "మొండి గాడిదే, పొగరుబోతే, తలుపు సరిగ్గా వెయ్యడం కూడా రాదు. కానీ సముద్రంలో అంత తెలివితక్కువది కాదు. కొండ చాటున మీకోసం చూస్తూ ఉంటుంది."

తర్వాత చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఎర గుచ్చుతూ కూర్చుంది. వేలికి రెండుసార్లు గాలం దిగింది. ఎయిలిఫ్ జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

రేడియో గరగరలాడింది. "దొరికింది! కొండ చాటునే ఉంది. సుత్తితో మంచు కొడుతూనే ఉంది మహాతల్లి. తీసుకొస్తున్నాం."

గున్వర్ బోర్లించిన తొట్టి మీద కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఎయిలిఫ్ ఎర కంపుకొట్టే చేతిని ఆమె తల మీద పెట్టాడు. ఆమె తియ్యమనలేదు.

సాయంత్రానికి ముసలాడన్నట్టే గాలి చచ్చిపోయింది. ఊరు ఊరంతా కొయ్యసుత్తులు పట్టుకుని రేవులో నిలబడింది. తెల్లటి ముద్దలా వచ్చిన పడవ మీద అంతా పడి మంచు పగలగొడుతున్నారు. ఇంగ్విల్ గట్టెక్కింది. కనురెప్పల నిండా మంచు, పెదవులు నీలం.

"గాడిదా!" అంది తల్లి, ఆమెని ఊపిరాడకుండా పట్టుకుని.

"అది ఇందాకే విన్నాలే. పొగరుబోతన్నదీ విన్నా. మైకు తడిసి నా మాట మీకు రాలేదు గానీ మీవన్నీ నాకు వినబడ్డాయి. నాకే కాదు, తీరమంతా వినుంటుంది."

"వింటే విననీ."

ఇంగ్విల్ కనురెప్పల మీది మంచు తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇంటికి బయల్దేరానమ్మా. పడవ ముక్కు కొండ దాటి బయటికొచ్చేసింది కూడా. అప్పుడే నువ్వు కదలదని చెప్పావు. ఇంతమంది వింటుండగా నిన్ను అబద్ధాలకోరుని చెయ్యలేక వెనక్కి తిప్పాను."

గున్వర్ కూతురి చేతులు రెండూ తన స్వెట్టర్‌లోకి లాక్కుని, పొట్టకి ఆనించుకుని, అక్కడే నిలబడిపోయింది.