వెడల్పాటి కిటికీ

కొత్త ఇంటి కాగితాల మీద సంతకాలు పెట్టిన నాలుగో రోజున కర్టెన్లకు కొలతలు తీసుకుంటుంటే, పక్కింటి ముసలావిడ డీని, రొట్టె పట్టుకుని వచ్చింది. తూర్పు నెదర్లాండ్స్‌లోని మా పల్లెల్లో పక్కింటివాళ్లు చుట్టాలకంటే ఎక్కువ. పురుడొచ్చినా, పీనుగ లేచినా ముందు వాళ్లే రావాలి.

"ఇవాళ్టి నుంచి మీ మంచీచెడ్డా మాదేనమ్మా," అంది.

మా ఆయన డెర్క్ మేడమీది కిటికీ చూపించాడు. దాన్ని చూసే ఈ ఇంటికి పడిపోయాడు మహానుభావుడు. "ఇంత పాతకాలం ఇంటికి ఇంత పెద్ద కిటికీ ఎవరు పెట్టించారండీ?"

"మేమే నాయనా. ఆ మెట్ల మలుపులో శవపెట్టె తిరగదు. నాలుగేళ్లలో మూడుసార్లు పాత కిటికీ ఊడబీకి దించాం. ముగ్గురూ ఈ ఇంటి మగవాళ్లే, నీ ఈడువాళ్లే. విసుగొచ్చి చివరికి పెద్దదే పెట్టేశాం."

నాకు ఒళ్లు మండింది. "ఈ మాట ముందే చెప్పి చావొచ్చుగా? కొన్నవాళ్లు మనసు మార్చుకోవడానికి చట్టం మూడు రోజులిచ్చింది!"

"నిన్నటిదాకా మీరు పరాయివాళ్లు కదా తల్లీ. ఊరి గుట్టు పరాయివాళ్లకెలా చెప్తాం?"

అంటూనే నా చేతిలోంచి టేపు తీసుకుని డెర్క్ వైపు తిరిగింది.

"కాస్త నిటారుగా నిలబడు నాయనా."