గీజరు పక్కకు మార్చిన జాలీ

నేను ఒక అల్యూమినియం జాలీని. పెద్ద ఇళ్లలో ఒకే ఏసీ యంత్రం అన్ని గదులనూ చల్లబరుస్తుంది కదా, అది గదుల్లోని గాలిని తిరిగి పీల్చుకునేది నాలాంటి వాటి గుండానే. చల్లగాలి వచ్చే చోటు అందరికీ తెలుసు. గాలి వెనక్కి పోయే చోటును ఎవరూ తలెత్తి చూడరు. చూస్తే నచ్చదు.

బాలానగర్‌లో ఒక షెడ్డులో నా రెక్కలు కోసి, వంచి, తెల్లరంగు కొట్టారు. కొంపల్లిలో హైమావతి గారి విల్లాలో, హాలు గోడకు నన్ను బిగించినవాడు మెకానిక్ జంగయ్య. రెండేళ్లు అక్కడ సుఖంగానే ఉన్నాను. నా మీద దుమ్ము తుడిచేది బాలమణి ఒక్కతే. ఆ ఇంట్లో గిన్నెలూ బట్టలూ ఆమె పని. ఇంటి కుక్కపిల్ల చెర్రీ ఆమె కొంగు పట్టుకునే తిరిగేది.

మూడో వేసవిలో హైమావతి గారు సోఫా వెనక గోడకని పెద్ద చిత్రపటం కొన్నారు. నేను అడ్డమయ్యాను.

"దీన్ని తీసి వెనక వాషింగ్ గదిలో పెట్టెయ్. ఎవరికీ కనపడదు," అన్నారు జంగయ్యతో.

అతను ఆ గది చూసి వచ్చాడు. "ఆడ గ్యాస్ గీజరున్నదమ్మా. ఇది గాలి గుంజితే గీజరు పొగ గొట్టంల నుంచి బయటికి పోదు, అర్రలకే మర్లుతది. మనిషికి మంచిది కాదు."

"కిటికీ ఉందిగా. చెప్పింది చెయ్యి జంగయ్యా."

చల్లదనం పోతుందని ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేవారు. అది జంగయ్యకూ తెలుసు. అయినా నన్ను తెచ్చి గీజరు పక్కన బిగించాడు.

పీల్చడం తప్ప నాకు వేరే పని రాదు. గీజరు పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఇల్లంతా పరుచుకుని పలచబడేది గానీ, ఆ చిన్న గదిలో చిక్కగా నిలిచేది. జిడ్డు గిన్నెలకు వేడినీళ్లే వాడాలని అమ్మగారి ఆజ్ఞ. గీజరు వెలిగించుకుని బాలమణి రోజూ రెండు గంటలు అక్కడే నిలబడేది.

వారం తిరిగేసరికి తలనొప్పి మొదలైంది. తర్వాత వాంతులు.

"ఆ అర్రల నిలవడితె కండ్లు తిరుగుతున్నయమ్మా," అంది.

"ఎండలో నడిచొస్తావు, నీళ్లు తాగవు. తిరగవూ మరి?"

మూడో వారం గిన్నెలతో సహా కూలబడిపోయింది. హైమావతి గారు పరుగున వచ్చి ముందు పగిలిన గాజు ప్లేట్లను చూశారు. "నీ ఒంట్లో ఏదో రోగముంది. పని మానేసి చూపించుకో," అని పంపేశారు.

బాలమణి వెళ్లిన నాలుగో రోజున అతిథులొచ్చారు. చెర్రీని తెచ్చి ఆ గదిలో కట్టేశారు. అతిథుల స్నానాలకని గీజరు వెలుగుతూనే ఉంది. సాయంత్రానికి అది స్పృహ తప్పి పడిపోయింది. కారు పరుగులు తీసింది. గీజరు పొగ అని పశువుల డాక్టరు చెప్పిన గంటలోపే జంగయ్యకు ఫోన్ వెళ్లింది. ఈసారి మెట్ల కింద కొత్త జాలీ పెట్టమన్నారు. మెట్ల కింద ఆ ఖాళీ గోడ ఇల్లు కట్టిన నాటి నుంచీ ఉంది.

జంగయ్య నా మరలు విప్పుతుండగా పెరటి తలుపు దగ్గరికి బాలమణి వచ్చింది.

"ఇప్పుడు మంచిగున్ననమ్మా. తలనొప్పి మళ్ల రాలే. పనికొస్త."

"వేరే మనిషిని పెట్టుకున్నాం," అన్నారు హైమావతి గారు.

జంగయ్య స్టూలు దిగాడు. "నీకు రోగమేం లేదు బాలమణీ. అంత ఈ గీజరు పొగ. కుక్కపిల్ల పడిపోతె డాక్టరు చెప్పిండు. ఈ జాలీని ఈడ బిగించింది నేనే. తెలిసే బిగించిన."

బాలమణి తలుపు చట్రం పట్టుకుని, నన్నూ గీజరునూ మార్చి మార్చి చూసింది.

"చెర్రీ బతికిందా?" అని అడిగింది చివరికి.

"బతికింది! పొద్దున పెరుగన్నం కూడా తింది," అన్నారు హైమావతి గారు, ప్రాణం లేచి వచ్చినట్టుగా.

బాలమణి చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

జంగయ్య నన్ను నేల మీద వేసి, మరెవరికీ పనికి రాకుండా రెక్కలన్నీ బూటుకాలితో వంచాడు. ఇప్పుడు పాతసామాన్ల కుప్పలో ఉన్నాను. గాలి నాలోంచి ఊరికే వస్తోంది, పోతోంది. దాన్ని పీల్చమని నాకెవరూ చెప్పడం లేదు.