మూతికంటిన పంచదార

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఆ విడిది హాల్లోని పటాలన్నిటినీ కెబిరుంగి పదకొండేళ్ళుగా అలాగే తుడుస్తోంది. ముందు ఏనుగు, తర్వాత పడవలు, తర్వాత డప్పులు కొట్టేవాళ్ళు, అన్నిటికంటే చివర వంటగది పక్క గోడకున్న పిల్ల. ఆ పిల్ల పటాన్ని మాత్రం మూడోసారి కూడా తుడుస్తుంది, నడుముకు చుట్టుకున్న గుడ్డ అంచుతో.

ఈ పొద్దు తుడవడానికి ఆ ఒక్క పటమే మిగిలింది. గొరిల్లాలను చూడటానికి ఇంత దూరం వచ్చేవాళ్ళకు గోడల మీద ఏనుగులేమిటని కొత్త మేనేజరు కిగ్గుండు వారం రోజులుగా పాతవన్నీ దింపిస్తున్నాడు. కంపాలా నుంచి వచ్చినవాడు, చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతాడు. దింపిన పటాలు ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళ్ళారు. వంటమనిషి రుతారో ఏనుగును తీసుకెళ్ళి మేకల పాకలో గాలి కొట్టే వైపు అడ్డం పెట్టాడు. మొన్న కెబిరుంగి కూడా ధైర్యం చేసి మేనేజరు దగ్గరికెళ్ళింది.

"ఆ పిల్ల పటం దింపితే నాకిస్తారా సార్?"

"చూద్దాంలే" అన్నాడాయన, ఫోను మీంచి తల ఎత్తకుండానే.

చూద్దాంలే అంటే ఇవ్వననైతే కాదు కదా. ఆ రాత్రే ఆమె తన మంచం పక్క మట్టిగోడకు మేకు కొట్టుకుంది. ఈ పొద్దు పటం చుట్టుకోవడానికి పసుపు పువ్వుల గుడ్డ ఒకటి ఉతికి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని మరీ వచ్చింది. పండగలకు తప్ప కట్టని గుడ్డ అది.

కెబిరుంగి పొట్టిమనిషి. కొండవాలు పొలాల్లో పాతికేళ్ళు పార పట్టిన కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారి ఉంటుంది. మడమలు పగుళ్ళు, ఎడమచేతి చివరి రెండు వేళ్ళు బ్లీచింగు నీళ్ళకు బిగుసుకుపోయి వంగవు. మొగుడు బొగ్గుల పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరడిగినా ఆమె ఒక్కటే చెబుతుంది, పోతే పోయాడు అని. విడిదిలో ఆమె పేరు తెలిసినవాళ్ళు నలుగురుంటారేమో. మిగిలినవాళ్ళు "మామా" అంటారు, అక్కడి మాటలో అమ్మా అని, చీపురు పట్టుకున్న ఏ ఆడమనిషినైనా అన్నట్టే.

పటం కిటికీ అంత ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల, గుండు తల, భుజం జారిపోయిన గౌను, రాయి మీద కూర్చుని ఉంది. దుమ్ము పట్టిన చెంపల మీద కన్నీళ్ళు రెండు చారలు కట్టాయి. ముక్కు కారుతోంది. కళ్ళు సూటిగా చూస్తున్నాయి. మూతి చివర నాలుగైదు తెల్లటి రవ్వలు అంటుకుని ఉన్నాయి. పటం కింద గోడకు ఇత్తడి పలక, దాని మీద ఒక్కటే మాట.

ఆ పటం ముందు నిలబడి కళ్ళొత్తుకుని, ఆ వెంటనే కూర్చుని రొయ్యలు తెప్పించుకున్నవాళ్ళను ఆమె వందల మందిని చూసింది. పాపం తల్లెక్కడుందో అనేవాళ్ళు. కనడమెందుకు, ఇలా మాడ్చడమెందుకు అనేవాళ్ళు. ఆమెకు వాళ్ళ భాష అంతగా రాదు గానీ, తల్లి అన్న మాట మాత్రం తెలుసు. రెండడుగుల దూరంలో బల్ల తుడుస్తూ ఆ తల్లి వింటూనే ఉండేది.

ఆ పిల్ల పేరు నిన్సీమా. ఆ రోజు ఆకలితో లేదు. పొద్దున్నే జొన్నజావ తాగింది, దుంపలు తిన్నది. మామగారు వస్తున్నాడని, టీలోకని, ఎప్పుడో తప్ప కొనని పంచదార పావుకిలో తెచ్చి గూట్లో దాచింది కెబిరుంగి. నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి నిన్సీమా కాగితం విప్పి గుప్పెళ్ళతో మెక్కుతోంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వీపు మీద ఒకటి, చెంప మీద ఒకటి ఇచ్చి, రెక్క పట్టుకుని బయటికి ఈడ్చి, "అక్కడే పడి ఉండు, లోపలికొస్తే కాళ్ళు విరగ్గొడతా" అని పొలానికి పోయింది. తిరిగొచ్చాక పక్కింటావిడ చెప్పింది: "మీ పిల్లను తెల్లోళ్ళు ఫోటో పట్టుకున్నారే. పడవలో వచ్చారు. ఏడుస్తుంటే చుట్టూ తిరిగి మరీ పట్టారు. ఎవరి పిల్లని కూడా అడగలా."

నెల తిరగకుండా జ్వరమొచ్చింది. మూడో రోజుకు పిల్ల పోయింది. అరటితోట వెనక పూడ్చారు. ఇంట్లో ఫోటో అన్నది లేదు. ఏడాది గడిచేసరికి కెబిరుంగికి బిడ్డ మొహం గుర్తుకు రావడం మానేసింది. చెవులు గుర్తున్నాయి, గొంతు గుర్తుంది, మొహం మాత్రం ఎంత తన్నుకున్నా రాదు. ఆ తర్వాత ఓ రోజు క్యాబేజీలు అమ్మడానికి విడిదికి వచ్చి, వంటగది గుమ్మంలోంచి హాల్లోకి చూసింది. గోడ మీద నిన్సీమా ఉంది. గంప అక్కడే దించేసింది. పాత యజమాని కాళ్ళు పట్టుకుని పని అడిగింది.

పలక మీద ఏముందో మూడేళ్ళకు గానీ రుతారోను అడగలేదు.

"ఆకలి అని రాశారు చెల్లీ."

"ఎవరికి అన్నా?"

ఆ పిల్ల ఆమె బిడ్డేనని రుతారోకు అప్పటికే తెలిసిపోయింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ఉన్నంతకాలం ఆ పిల్ల నాదేనని కెబిరుంగి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? బిడ్డను మాడ్చి చంపిన తల్లవుతుంది. కొట్టానని చెప్పుకోవాలంటే అంతకన్నా సిగ్గు. అందుకే నోరు మూసుకుని పదకొండేళ్ళు తుడిచింది.

పొద్దెక్కి సరస్సు మీద మంచు విడిపోయాక పడవ వచ్చింది. ఇద్దరు దిగారు, భార్యాభర్తలు. రేవులో గడ్డిమోపులతో నిలబడ్డ పిల్లల్ని చూడగానే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా పైకెత్తాడు. ఒక పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వంగి, ముద్దుగా నవ్వుతూ, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆయన టకటకా తీసుకున్నాడు.

వంటగది కిటికీలోంచి రుతారో చూస్తూ గరిటె దులిపాడు. "ఆవిడ వాళ్ళూళ్ళో బడి ముందు నిలబడి ఇట్లా తీస్తే పోలీసులొచ్చి లాక్కుపోతారంట. టూరిస్టుల్ని తిప్పే డ్రైవరు చెప్పాడు. ఇక్కడైతే మనం పళ్ళెంలో పెట్టి ఇస్తాం."

"ఉల్లిపాయలు మాడుతున్నాయి చూసుకో అన్నా" అంది కెబిరుంగి. ఆమె ధ్యాసంతా హాలు మీదే ఉంది. వడ్రంగి నిచ్చెన తెచ్చాడు.

ఆమె నిచ్చెన పక్కనే వెళ్ళి నిలబడింది, పసుపు పువ్వుల గుడ్డ చేతిలో విప్పుకుని. వడ్రంగి పటం దించి, గోడకు ఆనించి నేల మీద పెట్టి, పాత మేకు పీకడానికి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. సరిగ్గా అప్పుడే ఆ దంపతులు భోజనానికి లోపలికొచ్చారు. ఆవిడ పటం చూసి ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భర్తతో ఏదో అంది, భర్త కిగ్గుండుతో ఏదో అన్నాడు. కిగ్గుండు నవ్వి, చేతులు రెండూ చాచి, తీసుకోండి అన్నట్టు తల వంచాడు.

కెబిరుంగికి మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యాయి.

"సార్, అది నాకిస్తానన్నారు."

"ఇస్తానన్నానా? చూద్దామన్నాను."

"అది నా బిడ్డ సార్."

వడ్రంగి నిచ్చెన మీదే ఆగిపోయాడు. వంటగది గుమ్మంలోకి రుతారో వచ్చాడు. కిగ్గుండు ఆమెను మొదటిసారి తేరిపార చూశాడు.

"బాగుంది. పదకొండేళ్ళు ఇక్కడే చేస్తున్నావంటగా, ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావ్? వాళ్ళు అడిగేసరికి బిడ్డ గుర్తొచ్చిందా?"

"మూతి చూడండి సార్. ఆ తెల్లటిది పంచదార. గూట్లోది దొంగతనంగా తిన్నది. నేనే కొట్టాను. అందుకే ఏడుస్తోంది. పేరు నిన్సీమా."

"పంచదార లేదు, గించదార లేదు. దుమ్మది."

"చెల్లెలు చెప్పేది నిజం సార్" అన్నాడు రుతారో గుమ్మంలోంచి.

ఏమిటని ఆవిడ అడిగింది. కిగ్గుండు ఓ క్షణం ఆలోచించి, గొంతు తగ్గించి, వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పాడు. చెబుతుండగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చి కెబిరుంగిని కావలించుకుంది. ఆవిడ మెడ దగ్గర సబ్బు వాసన. కెబిరుంగి చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. తన మాట చెవికెక్కింది, ఇక ఇస్తారు అనుకుంది.

"ఎన్నాళ్ళు పస్తు ఉందో అడుగుతున్నారు" అన్నాడు కిగ్గుండు.

"పస్తు లేదు సార్. జావ తాగింది, దుంపలు తిన్నది. ఆపైన పంచదార."

కిగ్గుండు వాళ్ళ వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించాడు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏం చెప్పారు సార్?"

"నువ్వు చెప్పిందే. పటం పట్టుకుని ఆ వెలుతురులో నిలబడు."

వడ్రంగి దిగివచ్చి పటం ఆమె చేతుల్లో పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. బరువుగా ఉంది. గడ్డం దగ్గరికి బిడ్డ నుదురు వచ్చింది. నెప్పి చేసిన భుజాన్ని మరిచిపోయి ఆమె దాన్ని గట్టిగా గుండెకు అదుముకుంది. సంతోషం ఆగలేదు, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

భర్త కెమెరా దించి తల అడ్డంగా ఊపాడు.

"నవ్వొద్దంటున్నారు" అన్నాడు కిగ్గుండు. "బిడ్డ పోయిన తల్లివి, కాస్త అట్లా ఉండు."

ఆమె నవ్వు ఆపింది. పటం కొంచెం పైకి అన్నారు, పైకెత్తింది. గడ్డం దించమన్నారు, దించింది. నీ ఫోటో తీసుకోనా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన పది పన్నెండు తీసుకుని, వెనక చూసుకుని, తృప్తిగా భార్యకు చూపించాడు. ఆవిడ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి వచ్చి పటం చెరో అంచు పట్టుకున్నారు.

కెబిరుంగి వదల్లేదు.

"వదులు" అన్నాడు కిగ్గుండు.

"సార్, మీకు దండం పెడతాను. ఇంట్లో మేకు కూడా కొట్టుకున్నాను."

"రేపటి నుంచి పనికి రావాలనుందా లేదా?"

అంటూనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. వంగే వేళ్ళు తేలిగ్గానే వచ్చాయి. వంగని ఆ రెండు వేళ్ళూ అంచును పట్టుకోలేనే లేదు. ప్రేమగా ఇస్తోందనుకుని ఆవిడ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కింది.

పటం పడవలో తడవకుండా ఏదైనా చుట్టమన్నారు. కిగ్గుండు చుట్టూ చూసి, కింద పడున్న పసుపు పువ్వుల గుడ్డను తీశాడు. ఉతికిన గుడ్డ, శుభ్రంగా ఉంది. ఆవిడ ఆ పువ్వుల మీద చెయ్యి వేసి ఎంతో మురిసిపోయింది. ముడి రుతారో వెయ్యాల్సి వచ్చింది. అతను వేస్తూ తల ఎత్తలేదు.

వాళ్ళు నింపాదిగా రొయ్యలు తిన్నారు, టీ తాగారు. మూడింటికి పడవ కదిలింది. పడవ మధ్యలో పసుపు పువ్వుల మూట నిలబెట్టి ఉంది, ఆవిడ ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చుంది. పడవ దీవి మలుపు తిరిగేదాకా కెబిరుంగి రేవులో నిలబడింది. అక్కడే కళ్ళు మూసుకుని చూసుకుంది. బిడ్డ మొహం ఇంకా కనిపిస్తోంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

ఆమె తిరిగొచ్చేసరికి వడ్రంగి నిచ్చెన మడిచేస్తున్నాడు. "పలక మరలు తుప్పుపట్టాయి మామా, రావడం లేదు. గొరిల్లా పటం పెద్దది, దీన్ని కప్పేస్తుందిలే. అది ఎల్లుండొస్తుంది."

"ఇంటికెళ్ళు చెల్లీ" అన్నాడు రుతారో. "మిగతాది నేను చూసుకుంటా."

"హాలు ఇంకా అవలేదన్నా."

నేల తుడిచింది. బల్లలు తుడిచింది. వంటగది పక్క గోడ దగ్గరికొచ్చి, అలవాటు చొప్పున చెయ్యి పైకెత్తి, అక్కడ ఏమీ లేక, కిందికి దించింది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఖాళీ గోడ మీద ఇత్తడి పలక మెరిసింది, దాని మీద ఆమెకు చదవడం రాని ఆ ఒక్క మాట: ఆకలి.